పచ్చి కొమ్మలు

మామయ్యను ఎండాకాలం చివర్లో వచ్చి తీసుకెళ్తానని బావమరిది ఫోన్ చేసి చెప్పినప్పుడు, నేను "సరే" అన్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని గిన్నె తోముతున్నాను. ఆ గిన్నె అప్పటికే రెండుసార్లు తోమానని ఫోన్ పెట్టేశాక గాని గుర్తు రాలేదు.

"మేడ మీద గది వేయిస్తున్నాను బావా. ఎండలు తగ్గేసరికి అయిపోతుంది. నాన్నని ఇంకా నీ మీద ఉంచితే బాగోదు కదా. అక్క ఉన్నప్పుడంటే వేరు," అన్నాడు.

అక్క అంటే నా భార్య. పోయి అప్పటికి ఐదు నెలలు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది నేనూ, ఆవిడ నాన్నా. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే టైలర్ షాపులో కటింగ్ మాస్టర్‌గా చేసి, కళ్ళు మసకబారాక కత్తెర పక్కన పెట్టి, కూతురు రమ్మంటే మా ఇంటికొచ్చారు. వచ్చి నాలుగేళ్ళు. ఇప్పుడు రమ్మన్న మనిషి లేదు. ఇంకా ఈ ఇంట్లో ఏ వరసన ఉండాలో ఆయనకు తెలియదు. ఏ వరసన ఉండమనాలో నాకు తెలియదు.

ఆయన వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గాని, ఆ రోజుల్లో నాకు ఏది ఇష్టమో ఏది కాదో తెలిసే స్థితి లేదు. అందరూ నన్ను చూసి గుండె రాయి చేసుకున్నాడన్నారు. నేనేమీ చేసుకోలేదు. అదే అయింది. పెట్టింది తినేవాణ్ణి, టైముకి లేచేవాణ్ణి, ఎవరైనా నవ్వితే నవ్వేవాణ్ణి. ఏడుపు మాత్రం రాలేదు. దినకర్మలు అయిపోయాక కూడా వస్తుందేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను, తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

ఫోన్ సంగతి మామయ్యకు చెప్పాను. ఆయన బాల్కనీలో కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు.

"వాడు నాకూ చేశాడు బాబూ. మంచిదే కదా," అన్నారు.

"మంచిదే," అన్నాను.

అంతటితో ఆ విషయం తేలిపోయినట్టే. ఇద్దరు మగవాళ్ళు ఒక మాట తప్పించుకోవాలనుకుంటే ఎంత చక్కగా తప్పించుకోగలరో ఆ ఇంట్లో చూడాలి.

చలి తగ్గిన మొదటి ఆదివారం వంటింట్లో పప్పుల డబ్బా తీస్తుంటే, మూత లోపల అంటించిన కాగితం కనబడింది. ఆవిడ చేతిరాత. "చలి పోగానే కొమ్మలు కొయ్యాలి." ఏ కొమ్మలు కొయ్యాలో, ఏవి ఉంచాలో రాయలేదు. తనకు తెలుసు, రాసుకోవాల్సిన పనేముంది.

కొమ్మలంటే పెరట్లో బ్లాక్‌బెర్రీ మొక్కలవి. వెనక గోడ పొడుగునా ఆరు మొక్కలు, రెండు ఇనప కంబాలు, మధ్యలో మూడు వరసల వైరు. మూడేళ్ళ కిందట ఆవిడే తెచ్చి నాటింది. నర్సరీలో రెండు రకాలు చూపించారట. ముళ్ళున్న రకానికి రుచి ఎక్కువని కూడా చెప్పారట. "మా ఇంట్లో సూదులు చాలు, ఇంకా ముళ్ళు కూడానా" అని ముళ్ళు లేని రకం తెచ్చుకుంది. తన చేతులు చిన్నప్పటి నుంచి తండ్రి షాపులో కాజాలు కుట్టి కుట్టి చిల్లులు పడ్డ చేతులు. నీళ్ళు పెట్టడం, కట్టడం, కొయ్యడం, అన్నీ తనే చూసుకునేది. మామయ్యా నేనూ పండ్లు తినడానికి మాత్రమే ఆ గోడ దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఆ ఆదివారం ఇద్దరం కత్తెర పట్టుకుని వెళ్ళాం. నాకు ఆ పని చెయ్యాలని లేదు, చెయ్యకూడదనీ లేదు. కాగితం మీద రాసి ఉంది, అంతే.

కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. చూడటానికి అన్నీ ఎండినట్టే ఉన్నాయి. అయితే వాటిలో సగం కొమ్మలకు మొదలు దగ్గర చిన్న చిన్న ఎర్ర పీలికలు కట్టి ఉన్నాయి. పాత బట్టల సంచిలోంచి తీసి, ఒకే వెడల్పులో చింపి, ఒకే రకం ముడి వేసి కట్టిన పీలికలు. తండ్రి కూతురే మరి. ఎండాకాలం ముగిసే రోజుల్లో, ఒంట్లో బాగోలేదని మాకు తెలియకముందు, కట్టి ఉంటుంది.

"గుర్తు పెట్టి వెళ్ళింది, చూశారా? ఈ ఎర్రవే కొయ్యాలి," అన్నాను.

నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాను. మా దగ్గర ఏ అద్దంలోనైనా గీత గానీ బుడగ గానీ కనబడితే ఎర్ర మార్కర్‌తో చుక్క పెడతాం. ఎర్ర చుక్క పడిందంటే ఆ అద్దం పని అయిపోయిందని, డబ్బాలో పడేస్తాం. పదహారేళ్ళ నుంచి రోజూ చేసే పని. నాకు ఎరుపుకి ఇంకో అర్థం ఉంటుందని తట్టలేదు.

మామయ్య వంగి ఒక పీలికని వేళ్ళతో తడిమారు.

"మా షాపులో అయితే బాబూ, ఎర్ర పీలిక కట్టామంటే దాని జోలికి పోవద్దని. కొలత ఇంకోసారి చూసుకోవాల్సిన బట్టకి కట్టేవాళ్ళం. అది విప్పేదాకా ఎవ్వరూ కత్తెర ఆనించకూడదు. అమ్మాయి అక్కడే పెరిగింది కదా, మరి..."

"ఇది బట్ట కాదు కదా మామయ్యా."

విసుక్కోలేదు. మామూలుగానే అన్నాను. ఆయన వెంటనే నిటారుగా నిలబడ్డారు.

"అదీ నిజమే. మీ ఇల్లు, మీ మొక్కలు. మీకెలా తోస్తే అలా కానివ్వండి."

కోశాను. మొదటి కొమ్మ తెగినప్పుడే చూశాను. లోపల లేతాకుపచ్చగా ఉంది, వేలు పెడితే తడి అంటింది. రెండో కొమ్మా అంతే. మూడోదీ అంతే. అక్కడ ఆగి ఉండాల్సింది. ఎందుకు ఆగలేదంటే ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. చెయ్యి ఆడుతోంది, ఆడనిచ్చాను. బతికున్నదాన్ని కోస్తున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసినందువల్ల నాకేమీ కాలేదు. అదొక్కటే ఆ రోజు నన్ను కాస్త భయపెట్టింది. ఆ భయం కూడా భోజనం టైముకి పోయింది.

మామయ్య కోసిన కొమ్మలను పోగేసి, సమానంగా సర్ది, పురికొసతో మోపులు కట్టారు. కోసిన మొనలన్నీ తన వైపు తిప్పుకుని కట్టారు. నేను చూస్తానేమోనని అలా తిప్పారు. నేను చూడనట్టు ఉండిపోయాను.

షాపులో ఆ నెలంతా నా చేతుల్లో పనికి వంకలు వస్తూనే ఉన్నాయి. ఒక స్కూలు టీచరమ్మ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమ వైపు, ఎడమది కుడి వైపు బిగించి ఇచ్చేశాను. ఆవిడ మెట్లు దిగుతూ పడబోయిందట. మర్నాడు కౌంటర్ దగ్గర నిలబడి షాపంతా దద్దరిల్లేలా అరిచింది. ఓనరు నా బదులు ఆవిడకు క్షమాపణ చెప్పుకుని, తర్వాత మెషిన్ గదిలోకి వచ్చారు.

"ఇన్నేళ్ళలో నీ మీద ఒక్క మాట పడలేదురా. నాలుగు రోజులు సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్ళి రాకూడదూ?"

"ఎక్కడికి సార్?"

ఆయన మెషిన్‌లో నీళ్ళు మార్చమని చెప్పి వెళ్ళిపోయారు. మార్చాను. టీచరమ్మ పడి ఉంటే నాకేమనిపించేదో అని ఆలోచించి చూశాను. ఏమీ అనిపించేది కాదు.

పక్కింట్లో ఉండే ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో అందరికీ నర్సమ్మే. గొంతు మాత్రం రిటైర్ కాలేదు. వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడేలా మాట్లాడిన అలవాటు. మా ఆవిడకు మొక్కల విషయంలో గురువు ఆవిడే.

చెట్లన్నీ చిగురు వేసి రెండు వారాలైంది. మా వైరుకి కట్టి ఉన్న కొమ్మలు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా అలాగే ఉన్నాయి. మట్టిలోంచి కొత్త పిలకలు లేస్తున్నాయి గాని, పైన ఒక్క మొగ్గ లేదు. ఆ రోజు నేను బట్టలు ఆరేస్తున్నాను, మామయ్య క్లిప్పులు అందిస్తున్నారు. నర్సమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"అయ్యో అయ్యో! ఇదేం పని? ఎవరు కోశారు వీటిని?"

నా చేతిలో తడి దుప్పటి ఉంది.

"ఎండిపోయినవన్నీ బుద్ధిగా ఉంచి, బతికున్నవన్నీ కోసి పారేశారే! ఈ మొక్కకి కొమ్మ మొదటేడు పెరుగుతుంది, రెండో ఏడు కాస్తుంది, కాసి చచ్చిపోతుంది. చచ్చినదాన్ని కొయ్యాలి గానీ, కాయబోయేదాన్ని కోస్తారా ఎవరైనా? పాపం, ఆ పిల్ల ఒంట్లో బాగోకపోయినా ఓపిక చేసుకుని ఉంచాల్సినవాటికి పీలికలు కట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఎవరండీ ఇంత ఘనకార్యం చేసింది?"

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"నేనేనమ్మా," అన్నారు మామయ్య. "కళ్ళు సరిగా కనబడక."

"బాగుంది! అల్లుడేమో ఊరందరికీ కళ్ళజోళ్ళు చేస్తాడు, మామగారికి మాత్రం చూపు లేదు. ఏమయ్యా, ముందు మీ మామగారికి ఒక జత మంచి అద్దాలు వెయ్యి."

ఆయన పెట్టుకున్నది నేను చేసిందే. రెండు నెలల కిందట కొత్త పవర్‌తో వేసింది. వంద గజాల దూరంలో బస్సు బోర్డు చదువుతారు.

"వేస్తాలెండి," అన్నాను.

నర్సమ్మ ఇంకాస్త నిష్ఠూరమాడి, వేళ్ళకేమీ కాలేదు గనక వచ్చే ఏడాది కాస్తాయిలే అని సర్దిచెప్పి లోపలికెళ్ళింది. ఆవిడ వెళ్ళాక మామయ్య నా మొహం చూడకుండా ఇంకో క్లిప్పు అందించారు. నేను తీసుకుని దుప్పటికి పెట్టాను. అంత పెద్దాయన చేత నా తప్పు మోయించి, నేను దుప్పటి మడతలు సరిచేస్తూ నిలబడ్డాను. సిగ్గుపడాల్సిన చోటు అది. సిగ్గు రాలేదు. సిగ్గు రావాలి కదా అన్న ఆలోచన మాత్రం వచ్చి పోయింది.

మర్నాడు మామయ్య ఎండిన కొమ్మలన్నీ ఒక్కరే కోసి పారేశారు. కొత్త పిలకలు ఆ వెలుతురుకి మహా జోరుగా లేచాయి. మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు. ఆయన రోజూ పొద్దున టేపు మెడలో వేసుకుని వెళ్ళి, ఒక్కో కొమ్మకూ జానెడు ఎడం చూసి, మెత్తటి బట్టతో వైరుకి కట్టేవారు. ముడి బిగుసుకోకుండా మధ్యలో వేలు దూరేంత వదులు ఉంచేవారు. నేను వంటింటి కిటికీలోంచి చూసేవాణ్ణి. వచ్చే ఏడాది కాసే కొమ్మలవి. వచ్చే ఏడాది ఈయన ఇక్కడుండరు. అది తెలిసి కూడా అంత శ్రద్ధగా కడుతున్నారు. నాకు ఆ మాట ఆయనతో అనాలనిపించేది. కాఫీ గ్లాసు చేతికిచ్చి, "చల్లారిపోతుంది తాగండి" అనేవాణ్ణి.

ఈలోగా బావమరిది వారం వారం ఫోన్ చేసి గది సంగతులు చెప్పేవాడు. గచ్చు అయింది. కిటికీలు పెట్టారు. రంగు ఏది వేయించమంటారని నాన్నని అడుగు బావా. అడిగాను. "ఏదైతేనేం బాబూ, కళ్ళు మూసుకుని పడుకునే గదికి," అన్నారు. నేను ఫోన్‌లో నీలం అని చెప్పాను. నాకు నోటికొచ్చిన రంగు అది.

ఎండలు బాగా ముదిరాక ఒక పొద్దున మామయ్య పెరట్లోంచి కేకేశారు. ఆయన కేకేయడం ఆ ఏడాదిలో అదే మొదలు. పరుగెత్తాను. పడ్డారేమోననుకున్నాను.

పడలేదు. నీళ్ళ డ్రమ్ము పక్కకి జరిపి, దాని వెనక గోడకేసి చూపిస్తున్నారు. చివరి మొక్క కొమ్మ ఒకటి ఎప్పుడో వైరు మీంచి జారి డ్రమ్ము వెనక పడిపోయింది. నా కత్తెరకి దొరక్కుండా అక్కడ దాక్కుంది. నేల మీద పడి ఉండి కూడా ఆకులు వేసి, పూలు పూసి, కాయలు కాసింది. పచ్చివి కొన్ని, ఎర్రవి కొన్ని, నల్లవి పదో పదిహేనో.

"చూశారా బాబూ, ఒకటి బతికిపోయింది!" ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే, అన్న మాట నా ముందు అనకూడనిదేమోనన్నట్టు చల్లబడిపోయింది.

వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చాను. ఇద్దరం గోడ పక్కన గొంతుక్కూర్చున్నాం. ఆయన నల్లగా నిగనిగలాడేవి ఏరి తెంపుతున్నారు. అవి ఒక పట్టాన ఊడి రావడం లేదు, లాగాల్సి వస్తోంది.

"మెరిసేవి పండలేదని నర్సమ్మ చెప్పేది కదా మామయ్యా. మెరుపు పోయి, మసకగా ఉన్నవి తియ్యాలి. ముట్టుకుంటే చేతిలోకి రావాలి."

"ఏం చెయ్యను, జీవితమంతా మెరిసే బట్టే మంచి సరుకని నమ్మినవాణ్ణి," అని నవ్వారు. ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. పుల్లగా ఉన్నట్టుంది. నేనూ ఒకటి తిన్నాను, మసకగా ఉన్నది. తియ్యగా ఉందో లేదో చెప్పలేను. నాలుకకి తగిలింది, గింజలు పంటి కింద పడ్డాయి, మింగాను.

అప్పుడే ఆ మాట బయటికొచ్చింది. చెబుదామనుకుని చెప్పింది కాదు.

"మామయ్యా, ఆ రోజు నేను చూశాను."

"ఏ రోజు?"

"కొమ్మలు కోసిన రోజు. లోపల పచ్చిగా ఉంది. మొదటి కొమ్మకే చూశాను. చూసి కూడా అన్నీ కోశాను."

ఆయన చెయ్యి ఆగలేదు. ఒక పండు తీసి గ్లాసులో వేశారు.

"నేనూ చూశాను బాబూ."

"మరి ఆపలేదేం?"

"చెప్పాను కదా."

"ఒక్కసారి చెప్పారు."

"ఒక్కసారి చెప్పి ఊరుకోవాల్సిన చోట ఉన్నాను," అన్నారు మామయ్య. నిష్ఠూరంగా అనలేదు. చొక్కాకి కాలరు కొలత చెప్పినట్టు చెప్పారు.

అక్కడ నేను అనాల్సిన మాట ఒకటుంది. నాకు తెలుసు. అలా అనకండి, ఇది మీ ఇల్లు అనాలి. నోటిదాకా వచ్చింది. నీళ్ళు నమిలాను. ఆయన నా కోసం కాసేపు ఆగారు కూడా. గ్లాసు అటూ ఇటూ తిప్పి, లోపలున్నవాటిని చూస్తున్నట్టు కూర్చున్నారు.

"ఇవి లోపల పెట్టండి, చీమలు పడతాయి," అని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచారు.

ఆ రోజు నుంచి నాకు పనిలో తప్పులు పోలేదు గాని, పొద్దున్నే మెలకువ రావడం మొదలైంది. మామయ్యది ఐదింటికి లేచే అలవాటు. లేవగానే బావి గట్టు మీద ఎవరినో పిలుస్తున్నట్టు పెద్దగా రెండు దగ్గులు దగ్గుతారు. నాలుగేళ్ళుగా వింటున్నదే. మా ఆవిడ, "అలారం మోగింది, లెండి," అని నన్ను తట్టేది. ఇప్పుడు ఆ దగ్గు కంటే ముందే లేచి, దాని కోసం చూస్తూ పడుకునేవాణ్ణి. వినబడేది. సరే, ఉన్నారు అనుకునేవాణ్ణి. ఇంకెన్నాళ్ళు అనుకునేవాణ్ణి. ఆ రెండో మాట దగ్గర గుండెల్లో ఏదో కదిలేది. ఎన్నో నెలల తర్వాత కదిలింది గనక, అదేమిటో గుర్తుపట్టడానికి నాకు టైము పట్టింది. భయం అది. అచ్చమైన భయం.

గుర్తుపట్టినా చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ మాట నానబెట్టాను. అక్కడ బావమరిది ఇంట్లో గది తయారైంది. నీలం రంగు వేశారు. మామయ్య తన సామాన్లు సర్దుకున్నారు. నాలుగేళ్ళ మకాం ఒక బ్యాగులోనూ, కత్తెరలు పెట్టే చెక్కపెట్టెలోనూ పట్టేసింది.

బావమరిది ఆదివారం మధ్యాహ్నానికి కారేసుకుని వచ్చాడు. ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. వాడు మంచివాడు. మాట్లాడకపోతే ఊపిరాడనివాడు. దారిలో టైరు పంచరైన సంగతి, గదికి తలుపు బిగించిన వడ్రంగి కొలత తప్పి రెండుసార్లు చేసిన సంగతి, అన్నీ చెప్పి నవ్వించబోయాడు.

"నాన్న టేపు పెట్టి కొలిచి ఉంటే ఒక్కసారిలో అయ్యేది. ఏం నాన్నా?"

"ఊఁ," అన్నారు మామయ్య.

"నువ్వు బాగా తగ్గిపోయావు బావా. అప్పుడప్పుడూ వస్తూ ఉండు. నాన్న ఉంటారు కదా."

"వస్తాను," అన్నాను.

చేతులు కడుక్కున్నాం. మామయ్య తన కంచం తనే కడిగి బోర్లించారు. చెప్పులు వేసుకుని, ఒకసారి పెరట్లోకి వెళ్ళొచ్చారు. బావమరిది చెక్కపెట్టె తీసుకున్నాడు. నేను బ్యాగు తీసుకున్నాను. వాకిలి దాటి గేటు దాకా వచ్చాం. వాడు డిక్కీ తెరిచి పెట్టె లోపల పెట్టి, చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు బావా."

ఇవ్వలేదు. ఇవ్వకూడదని అనుకోలేదు. చెయ్యి వదల్లేదు, అంతే.

"బావా?"

"తీసుకెళ్ళొద్దు," అన్నాను.

"బ్యాగునా?"

"మామయ్యని."

వాడు నన్నూ, వాళ్ళ నాన్ననూ మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, నువ్వేమంటావు?"

మామయ్య నా వైపు తిరిగారు.

"ఏమని ఉండమంటారు బాబూ? అమ్మాయి ఉన్నన్నాళ్ళూ కూతురింట్లో ఉన్నానని చెప్పుకున్నాను. ఇప్పుడెవరైనా అడిగితే ఏమని చెప్పను?"

"నాకు తెలీదు. ఏదో ఒకటి చెప్పండి. నాకు మీరు కావాలి మామయ్యా. మీరూ పోతే ఆ ఇంట్లో నేను ఉండలేను. నాకు చెప్పడం చేతకాక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కొమ్మలు కోసింది నేనని నర్సమ్మకి కూడా చెప్పలేదు. ఇవాళే వెళ్ళి చెప్తాను. వెళ్ళకండి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. వీధిలో సైకిల్ మీద పోతున్న మనిషి తిరిగి చూశాడు. మామయ్య గేటు పక్కనున్న అరుగు మీద మెల్లగా కూర్చుని, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఉంటే నోరు మూసుకుని ఉండను. షాపులో నా నోటికి జడిసి పని మానేసినవాళ్ళున్నారు. మీరు చూడలేదు గాని, మా వాడికి తెలుసు."

"తెలుసు," అన్నాడు బావమరిది.

"అనండి. ఏమైనా అనండి," అన్నాను.

"ఏమైనానా?"

"ఏమైనా."

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించుకోలేదు. ఎన్నాళ్ళుగానో నోట్లో పెట్టుకుని ఉన్నారన్నమాట.

"అయితే వినండి. బీరువాలో అమ్మాయి బట్టలు అలాగే ఉన్నాయి. అన్నీ నేను కుట్టినవే, ఒక్కో దాని కొలతా నాకు గుర్తే. మీరు ఆ బీరువా ముందు నుంచి తల తిప్పుకుని పోతున్నారు. నేనూ తల తిప్పుకుని పోతున్నాను. ఇంక చాలు. అన్నీ బయటికి తీసి, మడతపెట్టి, తొడుక్కునేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. రేపే."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆవిడ పోయిన రోజు రానిది, తర్వాత పదకొండు నెలలూ రానిది, పట్టపగలు, వీధి గేటు దగ్గర, చేతిలో బ్యాగుతో నిలబడి ఉండగా వచ్చింది. అరుగు మీద ఆయన పక్కనే కూలబడ్డాను. మామయ్య ఓదార్చలేదు, వీపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఆయనా ఏడుస్తున్నారు. బావమరిది నా వేళ్ళ మధ్య నుంచి బ్యాగు విడిపించుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

ఎంతసేపటికో మొహం తుడుచుకున్నాను.

"రేపు వద్దు మామయ్యా. ఇంకో నాలుగు రోజులు పోనివ్వండి."

"రేపే," అన్నారు మామయ్య.